సింగిల్ బోర్డు కంప్యూటర్‌లో పిన్నుల కొరత: కొండప్రాంత కాఫీ నర్సరీ అవసరాల ఆధారంగా పరిష్కార మార్గాలు

రాస్ప్‌బెర్రీ పై వంటి సింగిల్ బోర్డు కంప్యూటర్లు వ్యవసాయ ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులలో నేడు సర్వసాధారణమయ్యాయి. ఒక నేల తేమ సెన్సార్, ఒక రిలే, ఒక పంపు ఉంటే చాలు, ప్రయోగశాల బల్లపై నమూనా చక్కగా పనిచేస్తుంది. అదే నమూనాను పొలానికి తీసుకువెళ్ళి ఒక మడికి బదులు పన్నెండు మడులకు విస్తరించబోతే బోర్డుపై ఖాళీ పిన్ను మిగలదు. ఈ దశలో చాలామంది రెండవ బోర్డు కొనడానికి సిద్ధపడతారు. చాలా సందర్భాలలో దాని అవసరం ఉండదు. ఏ పరికరానికి నిజంగా సొంత పిన్ను కావాలి, దేనికి కేవలం ఒక చిరునామా ఉంటే చాలు అన్న విషయం తేల్చుకుంటే కొరత దానంతట అదే చాలావరకు తీరిపోతుంది. అసలు జాగ్రత్త అంతా ఆ తర్వాతే అవసరం. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు, లేదా కంప్యూటర్ మధ్యలో స్తంభించినప్పుడు, విస్తరించిన ఆ పిన్నులు ఏ స్థితిలో ఉంటాయి? నమూనా దశలో ఎవరూ పట్టించుకోని ఈ ప్రశ్నపైనే నర్సరీలో మొక్కల క్షేమం ఆధారపడి ఉంటుంది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జి.మాడుగుల మండలాన్ని ఇక్కడ దృష్టిలో ఉంచుకోవడం జరిగింది. పాడేరు, చింతపల్లి మండలాల మాదిరిగానే ఇక్కడ కూడా సిల్వర్ ఓక్ నీడలో అరబికా కాఫీ, ఆ చెట్లపైనే పాకిన మిరియాలు, మెట్టలలో పసుపు, అల్లం, రాజ్‌మా, చోడి, సామ, వలిసెలు సాగులో ఉన్నాయి. కాఫీ విత్తనాన్ని డిసెంబరు, జనవరి నెలలలో మడులలో విత్తుతారు. మొలక రావడానికి సుమారు నెలన్నర పడుతుంది. ఆ తర్వాత పాలిథిన్ సంచులలోకి మార్చిన లేత మొక్కలను తొలకరి వరకు వేసవి అంతా కాపాడుకోవాలి. నీరు తక్కువైతే మొక్క వాడిపోతుంది. ఎక్కువైతే, ముఖ్యంగా నీడ దట్టంగా ఉన్న మడులలో, రైజోక్టోనియా శిలీంధ్రం వల్ల మొదలు కుళ్ళు తెగులు సోకుతుంది. కొండవాలుపై ఉన్న నర్సరీలో పై మడి త్వరగా ఆరిపోతే దిగువ మడి తడిగానే ఉంటుంది. కాబట్టి అన్ని మడులకూ కలిపి ఒకే వాల్వు, ఒకే సెన్సార్ పెట్టి సరిపుచ్చుకోవడం ఇక్కడ సాధ్యం కాదు. మడికొక వాల్వు, మడికొక సెన్సార్ కావాలి. పిన్నుల కొరత ఇక్కడే మొదలవుతుంది.

బోర్డుపై నిజంగా ఎన్ని పిన్నులు ఉన్నాయి?

2012లో వచ్చిన తొలి రాస్ప్‌బెర్రీ పై మోడల్ బీ బోర్డుపై 26 పిన్నుల వరుస ఉండేది. వాటిలో ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు పనికివచ్చేవి 17 మాత్రమే. 2014లో వచ్చిన బీ ప్లస్ నుండి ఈ వరుస 40 పిన్నులకు పెరిగింది. తర్వాతి మోడళ్ళన్నీ అదే అమరికను కొనసాగిస్తున్నాయి. ఈ 40లో 5 వోల్టుల పిన్నులు 2, 3.3 వోల్టుల పిన్నులు 2, గ్రౌండ్ పిన్నులు 8 పోతే 28 మిగులుతాయి. అందులో 0, 1 సంఖ్యల జీపీఐఓలు పైన అమర్చే అనుబంధ బోర్డును గుర్తించడానికి కేటాయించినవి. ఇక వాడుకోదగినవి 2 నుండి 27 వరకు ఉన్న 26.

ఈ 26 కూడా ఒకే రకమైనవి కావు. 2, 3 సంఖ్యలవి ఐ2సీ బస్సుకు, 7 నుండి 11 వరకు ఉన్నవి ఎస్పీఐ బస్సుకు, 14, 15 సంఖ్యలవి సీరియల్ పోర్టుకు ఉద్దేశించినవి. ఈ బస్సులను వాడకపోతే ఆ పిన్నులను సాధారణ పిన్నులుగా వాడుకోవచ్చు. అయితే బస్సు పిన్నుకు రిలేను తగిలించడం విత్తనపు ధాన్యాన్ని వండుకుని తినడం వంటిదే. ఐ2సీకి చెందిన ఆ రెండు పిన్నుల నుండే వంద పిన్నులు పుట్టించవచ్చునన్న సంగతి ముందు ముందు తెలుస్తుంది.

మరొక పరిమితి కూడా గమనించాలి. రాస్ప్‌బెర్రీ పైలో అనలాగ్ ఇన్‌పుట్ ఒక్కటి కూడా లేదు. నేల తేమ సెన్సార్ ఇచ్చే వోల్టేజిని అది నేరుగా చదవలేదు. పిన్నులన్నీ 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలితే చిప్పు దెబ్బతింటుంది. ఒక్కొక్క పిన్ను నుండి గరిష్ఠంగా 16 మిల్లీఆంపియర్ల వరకే తీసుకోవాలి. అన్ని పిన్నులూ కలిపి 50 మిల్లీఆంపియర్లు మించకుండా చూసుకోవడం ప్రయోగకర్తలు సాధారణంగా పాటించే నియమం.

ముందుగా లెక్క

పన్నెండు మడుల నర్సరీకి ఏమేమి కావాలో చూద్దాం. వాల్వులు 12, పంపు 1, నేల తేమ సెన్సార్లు 12, నీడ పందిరి కింద వేర్వేరు చోట్ల ఉష్ణోగ్రత సెన్సార్లు 6, ట్యాంకులలో నీటి మట్టం తెలిపే ఫ్లోట్ స్విచ్చులు 4, నీటి ప్రవాహ మాపకం ఒకటి, వర్షమాపకం ఒకటి, కాపలాదారు నొక్కడానికి బటన్లు 4, స్థితిని తెలిపే దీపాలు 6, సమాంతర పద్ధతిలో 6 తీగలు అవసరమయ్యే ఎల్సీడీ తెర ఒకటి. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క పిన్ను చొప్పున వేస్తే మొత్తం 53 అవుతాయి. ఉన్నవి 26. పైగా 12 తేమ సెన్సార్లను అసలు నేరుగా కలపడానికే వీలులేదు.

బటన్లు, దీపాలు, తెర ఎందుకు, సెల్‌ఫోన్‌లో చూసుకోవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. సిగ్నల్ ఉన్న చోట అది మంచి ఆలోచనే. కొండల మధ్య గ్రామాలలో సిగ్నల్ ఒకచోట ఉండి వంద అడుగుల అవతల ఉండకపోవచ్చు. నర్సరీలో పనిచేసే మనిషి నీరు ఆపాలనుకున్నప్పుడు చేతికి అందే బటన్ ఒకటి ఉండి తీరాలి. ఈ 4 బటన్లను లెక్క నుండి తీసివేయరాదు.

ఒకే తీగపై ఆరు థర్మామీటర్లు

అన్నిటికన్నా సులువుగా తగ్గేది ఉష్ణోగ్రత సెన్సార్ల లెక్క. డీఎస్18బీ20 అనే సెన్సార్ వన్‌వైర్ పద్ధతిలో పనిచేస్తుంది. ప్రతి సెన్సార్‌లోనూ తయారీ సమయంలోనే 64 బిట్ల సంకేత సంఖ్య ఒకటి నమోదై ఉంటుంది. ఏ రెండు సెన్సార్లకూ ఒకే సంఖ్య ఉండదు. కనుక ఆరింటినీ ఒకే పిన్నుకు తగిలించి, సంఖ్యతో పిలిచి, ఒక్కొక్క దాని విలువను విడివిడిగా చదవవచ్చు. డేటా తీగకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి సరిపోతుంది. మైనస్ 10 నుండి 85 డిగ్రీల సెల్సియస్ వరకు దీని ఖచ్చితత్వం సగం డిగ్రీకి అటూ ఇటూగా ఉంటుంది. శీతాకాలంలో ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోయే ఈ ప్రాంతానికి ఇది చాలు. పూర్తి 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. పావుగంటకొకసారి చదివే నర్సరీలో అది ఆలస్యం కిందకు రాదు.

పొరపాటు జరిగేది సెన్సార్లను బిగించే రోజున. సంఖ్యలన్నీ ఒకే తీగపై ఉన్నాయి, అయితే ఏ సంఖ్య ఏ మడిలో ఉన్నదో కంప్యూటర్‌కు తెలియదు. బిగించే ముందు ఒక్కొక్క సెన్సార్‌ను చేతిలో పట్టుకుని వేడి చేసి, ఏ సంఖ్య విలువ పెరుగుతున్నదో చూసి, మడి సంఖ్యతో పాటు రాసిపెట్టుకోవాలి. సెన్సార్ మార్చిన ప్రతిసారీ ఈ పట్టికను సవరించాలి.

రెండు తీగలపై నూట ఇరవై ఎనిమిది

ఐ2సీ బస్సులో డేటాకు ఒక తీగ, గడియారపు తాళానికి ఒక తీగ ఉంటాయి. బస్సుపై ఉన్న ప్రతి చిప్పుకూ ఒక చిరునామా ఉంటుంది. కంప్యూటర్ చిరునామాతో పిలిచిన చిప్పు మాత్రమే బదులిస్తుంది. ఈ బస్సుపై పనిచేసే ఎంసీపీ 23017 అనే చిప్పు 16 పిన్నులను అందిస్తుంది. చిరునామా నిర్ణయించే కాళ్ళు మూడు ఉన్నందున హెక్స్ 20 నుండి 27 వరకు ఎనిమిది చిప్పులను ఒకే బస్సుపై అమర్చవచ్చు. అంటే రెండు తీగల నుండి 128 పిన్నులు లభిస్తాయి. పై లెక్కలోని 12 వాల్వులు, 6 దీపాలు, 4 ఫ్లోట్ స్విచ్చులు, 4 బటన్లు కలిపి 26. రెండు చిప్పులలోని 32 పిన్నులతో ఇవన్నీ తీరి ఇంకా 6 మిగులుతాయి.

ఈ చిప్పు విషయంలో పాత పుస్తకాలలో కనిపించని ఒక సవరణ ఉన్నది. మైక్రోచిప్ సంస్థ ఇటీవలి డేటాషీట్‌లో ఐ2సీ రకానికి చెందిన ఈ చిప్పులోని రెండు పోర్టులలోనూ చివరి పిన్నును, అంటే ఏ7, బీ7లను, అవుట్‌పుట్‌గా మాత్రమే వాడాలని పేర్కొన్నది. పాత పాఠాలను అనుసరించి ఆ పిన్నులకు ఫ్లోట్ స్విచ్చులు తగిలిస్తే అప్పుడప్పుడు బస్సుపై సంకేతాలు చెడే అవకాశం ఉంటుంది. అలాంటి లోపం పగలంతా కనిపించకుండా ఉండి ఎప్పుడో ఒకసారి బయటపడుతుంది కనుక పట్టుకోవడం కష్టం. ఇన్‌పుట్‌లు ఎనిమిదింటినీ మొదటి చిప్పులోని మిగిలిన పిన్నులపై ఉంచి, చివరి పిన్నులను దీపాలకు ఇవ్వడం మేలు.

ఇన్‌పుట్‌లను ఒకే చిప్పుపై చేర్చడంలో మరొక సౌలభ్యం ఉన్నది. బటన్ నొక్కారా లేదా అని కంప్యూటర్ మాటిమాటికీ అడగనవసరం లేదు. ఏ ఇన్‌పుట్ మారినా చిప్పు తన ఇంటరప్ట్ కాలు ద్వారా తెలియజేస్తుంది. దానికి రాస్ప్‌బెర్రీ పైలో ఒక్క పిన్ను కేటాయిస్తే సరిపోతుంది. చిప్పు లోపలి పుల్అప్ రెసిస్టర్ విలువ సుమారు 100 కిలో ఓమ్‌లు. ట్యాంకు వరకు పోయే పొడవాటి తీగకు ఇది బలహీనమైనది కనుక బయట 4.7 నుండి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అదనంగా పెట్టాలి.

చిప్పుకు విద్యుత్తు 3.3 వోల్టుల నుండే ఇవ్వాలి. 5 వోల్టులు ఇస్తే అది బస్సుపై 4 వోల్టులు కనిపిస్తే తప్ప దానిని ‘ఒకటి’గా గుర్తిస్తానని హామీ ఇవ్వదు. రాస్ప్‌బెర్రీ పై ఇచ్చేది 3.3 వోల్టులే.

తేమ సెన్సార్ల కోసం ఏడీఎస్ 1115 చిప్పు ఉన్నది. ఇది అనలాగ్ వోల్టేజిని 16 బిట్ల సంఖ్యగా మారుస్తుంది. ఒక్కొక్క దానికి నాలుగు ఇన్‌పుట్‌లు, నాలుగు వేర్వేరు చిరునామాలు ఉన్నందున ఒక బస్సుపై 16 సెన్సార్ల వరకు చదవవచ్చు. పన్నెండు మడులకు మూడు చిప్పులు చాలు. వీటికి కొత్త పిన్ను ఒక్కటి కూడా అక్కరలేదు, అవే రెండు తీగలు. ఎస్పీఐ బస్సును ఎంచుకునేవారికి 10 బిట్ల ఎంసీపీ 3008 ఎనిమిది ఇన్‌పుట్‌లు ఇస్తుంది. 4067 అనే అనలాగ్ మల్టీప్లెక్సర్ నాలుగు ఎంపిక తీగలతో 16 సెన్సార్లను వంతుల వారీగా ఒకే ఇన్‌పుట్‌కు కలుపుతుంది. నేల తేమ గంటల వ్యవధిలో మారేది కనుక వంతుల పద్ధతి వల్ల నష్టమేమీ లేదు.

ఎల్సీడీ తెర వెనుక పీసీఎఫ్ 8574 చిప్పు గల చిన్న పలక అమర్చితే దాని 6 తీగలు కూడా ఐ2సీలో కలిసిపోతాయి. ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. పీసీఎఫ్ 8574 చిరునామాలు కూడా హెక్స్ 20 నుండి 27 వరకే. బజారులో దొరికే పలకలు చాలావరకు 27 చిరునామాతో వస్తాయి కనుక విస్తరణ చిప్పులను 20, 21 చిరునామాలకు అమర్చుకోవాలి. రెండవ చిక్కు ప్రమాదకరమైనది. ఈ పలక సాధారణంగా 5 వోల్టులతో పనిచేస్తూ, బస్సు తీగలను తన రెసిస్టర్ల ద్వారా 5 వోల్టుల వైపు లాగుతుంది. లెవెల్ షిఫ్టర్ లేకుండా దానిని నేరుగా కలపరాదు.

ఒకే చిరునామా గల సెన్సార్లు ఎక్కువ కావలసి వచ్చినప్పుడు టీసీఏ 9548ఏ అనే స్విచ్చు చిప్పు ఉపయోగపడుతుంది. ఉదాహరణకు గాలిలో తేమను కొలిచే ఎస్‌హెచ్‌టీ 31కు రెండే చిరునామాలు ఉన్నాయి. ఈ స్విచ్చు బస్సును ఎనిమిది శాఖలుగా చీలుస్తుంది కనుక అలాంటి సెన్సార్లను పదహారు వరకు పెట్టవచ్చు.

ఇన్ని మాడ్యూళ్ళను ఒకే బస్సుపై చేర్చినప్పుడు పుల్అప్ రెసిస్టర్ల లెక్క చూడాలి. రాస్ప్‌బెర్రీ పైలో 2, 3 పిన్నులపై 1.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ముందే ఉన్నాయి. కొన్న ప్రతి మాడ్యూల్‌పైనా మరో 10 కిలో ఓమ్‌లది ఉంటే, ఐదు మాడ్యూళ్ళు కలిపి 2 కిలో ఓమ్‌లకు సమానమవుతాయి. బోర్డు మీది దానితో సమాంతరంగా చేరి ఫలితం సుమారు 950 ఓమ్‌లకు పడిపోతుంది. అప్పుడు తీగను సున్నాకు లాగే చిప్పు 3 మిల్లీఆంపియర్లకు కొద్దిగా పైన మోయవలసి వస్తుంది. సాధారణ ఐ2సీ ప్రమాణంలో పరిమితి సరిగ్గా ఆ 3 మిల్లీఆంపియర్లే. మాడ్యూళ్ళ మీది అదనపు రెసిస్టర్లను తీసివేస్తే ఈ ఇబ్బంది ఉండదు.

వేటిని బస్సుపై పెట్టరాదు?

అన్నింటినీ విస్తరణ చిప్పులకు అప్పగించడం కూడా సరికాదు. 100 కిలోహెర్ట్జ్ బస్సుపై ఒక చిప్పును ఒకసారి చదవడానికి సుమారు 0.4 మిల్లీసెకను పడుతుంది. అదే సమయంలో బస్సు తెరకు అక్షరాలు పంపుతూ ఉండవచ్చు. ప్రవాహ మాపకం సెకనుకు వందల సంఖ్యలో పల్సులు ఇస్తుంది. వాటిని బస్సు ద్వారా లెక్కిస్తే కొన్ని తప్పిపోతాయి, నీటి లెక్క తప్పుతుంది. వర్షమాపకం పల్సు అరుదైనదే అయినా క్షణికమైనది. ఈ రెండింటికీ బోర్డు మీది సొంత పిన్నులనే కేటాయించాలి.

పంపు విషయం వేరు. అది వేగం కోరదు. కానీ ఆపవలసినప్పుడు ఆగి తీరాలి. మధ్యలో బస్సు, చిప్పు, డ్రైవర్ ప్రోగ్రాం అనే మూడు అంచెలు ఉండటం కన్నా నేరుగా ఒక పిన్ను ఉండటం నయం.

ఇప్పుడు తిరిగి లెక్కిస్తే ఐ2సీకి 2, వన్‌వైర్‌కు 1, పల్సులకు 2, పంపుకు 1, ఇంటరప్ట్‌కు 1, విస్తరణ చిప్పుల రీసెట్‌కు 1, మొత్తం 8. తొలి లెక్కలోని 53 ఎనిమిదికి దిగింది. బోర్డుపై ఇంకా 18 పిన్నులు ఖాళీగా ఉన్నాయి.

షిఫ్ట్ రిజిస్టర్ల మాట

మూడు పిన్నులతో ఎనిమిది అవుట్‌పుట్‌లు ఇచ్చే 74హెచ్‌సీ595, ఇన్‌పుట్‌ల కోసం 74హెచ్‌సీ165 చాలా చవకైనవి. ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా కలుపుతూ పోతే అవే మూడు పిన్నులతో 16, 24, 32 అవుట్‌పుట్‌లు వస్తాయి. చిరునామాల గొడవ ఉండదు. విద్యార్థులు పిన్నుల విస్తరణను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. అయితే 595లో విద్యుత్తు వచ్చిన తొలి క్షణంలో అవుట్‌పుట్‌లు ఏ స్థితిలో ఉంటాయో చెప్పలేము. దీపాలకు ఇది పట్టింపు కాదు. వాల్వులకు వాడదలిస్తే దాని అవుట్‌పుట్ ఎనేబుల్ కాలును రెసిస్టర్‌తో పైకి లాగి ఉంచి, ప్రోగ్రాం మొదటి విలువలు పంపిన తర్వాతనే కిందికి దించాలి. రాసిన విలువను తిరిగి చదివి సరిచూసుకునే వీలు కూడా ఇందులో లేదు. ఈ రెండు కారణాల వల్ల నీటిని నియంత్రించే పనికి ఎంసీపీ 23017 మెరుగు.

విద్యుత్తు తిరిగి వచ్చిన క్షణం

ఏజెన్సీ నర్సరీలో గెడ్డ నీటిని గొట్టం ద్వారా ఎగువ ట్యాంకుకు మళ్ళించి, అక్కడి నుండి వాలు మీదుగా మడులకు వదలడం తేలికైన పద్ధతి. ఇక్కడ పంపు ఆగిపోయినా నీరు ఆగదు. వాల్వు తెరచి ఉన్నంతసేపూ ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది. అందుచేత ఈ ప్రాంతంలో ప్రతి పిన్ను గురించి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎవరి ఆజ్ఞా లేనప్పుడు వాల్వు మూసి ఉంటుందా?

ఒక రాత్రి వాల్వు తెరచి ఉండగా రాస్ప్‌బెర్రీ పై స్తంభించిందనుకుందాం. విస్తరణ చిప్పుకు ఆ సంగతి తెలియదు. చివరి ఆజ్ఞ ‘తెరువు’ అయితే తెరచే ఉంచుతుంది. కంప్యూటర్ మాత్రమే రీబూట్ అయినా, చిప్పుకు విద్యుత్తు కొనసాగుతున్నందున దాని స్థితి మారదు. ఉదయానికి ట్యాంకు ఖాళీ అవుతుంది, ఒక మడి నీట మునుగుతుంది, మిగిలిన పదకొండు ఎండుతాయి.

దీనికి పరిష్కారం ఒక పిన్ను, ఒక రెసిస్టర్. ఎంసీపీ 23017కు రీసెట్ కాలు ఉన్నది. అది సున్నా వోల్టుల వద్ద ఉన్నంతసేపూ చిప్పులోని పిన్నులన్నీ ఇన్‌పుట్‌లుగా మారిపోతాయి, అంటే దేనినీ నడపవు. ఈ కాలును రాస్ప్‌బెర్రీ పై పిన్నుకు కలిపి, గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. ప్రోగ్రాం సక్రమంగా మొదలైన తర్వాతనే ఆ పిన్నును పైకి లేపాలి. పిన్ను ఎంపికలో కూడా మెలకువ అవసరం. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు ఉన్న మోడళ్ళలో రీసెట్ అయిన వెంటనే 0 నుండి 8 వరకు జీపీఐఓలు లోపలి రెసిస్టర్లతో పైకి, 9 నుండి 27 వరకు ఉన్నవి కిందికి లాగబడి ఉంటాయి. రీసెట్‌కూ పంపుకూ 9 నుండి 27 లోపు పిన్నులనే ఎంచుకోవాలి. అందులోనూ సీరియల్ పోర్టుకు చెందిన 14, 15లను వదిలివేయాలి.

స్తంభించిన కంప్యూటర్ తనంతట తాను రీబూట్ కాదు కాబట్టి, చిప్పులోనే ఉన్న హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను అమలులో పెట్టాలి. ప్రోగ్రాం దానిని క్రమం తప్పకుండా పలకరించకపోతే సుమారు 15 సెకన్లలోపు అది బోర్డును రీసెట్ చేస్తుంది. పిన్నులు తొలి స్థితికి వస్తాయి, రీసెట్ తీగ కిందికి పడుతుంది, వాల్వులు మూసుకుంటాయి.

ఈ గొలుసులో చివరి కొక్కెం డ్రైవర్ చిప్పు. విస్తరణ చిప్పు పిన్ను 25 మిల్లీఆంపియర్లు మాత్రమే ఇవ్వగలదు. సోలినాయిడ్ వాల్వుకు కొన్ని వందల మిల్లీఆంపియర్లు కావాలి. యూఎల్ఎన్ 2003 డ్రైవర్‌లో ఏడు దారులు ఉంటాయి, ఒక్కొక్క దాని గరిష్ఠ సామర్థ్యం 500 మిల్లీఆంపియర్లు. దీని ఇన్‌పుట్ ఏమీ తగలకుండా తేలిపోయినా లోపలి రెసిస్టర్ల వల్ల అవుట్‌పుట్ ఆఫ్‌లోనే ఉంటుంది. మనకు కావలసింది సరిగ్గా ఇదే. అయితే ఒకే చిప్పులో పలు దారులు ఒకేసారి పనిచేస్తే వేడెక్కుతుంది కాబట్టి వాల్వులను ఒకటి రెండు చొప్పున వంతులుగా తెరవాలి, లేదా పెద్ద వాల్వులకు మాస్‌ఫెట్లు వాడాలి.

బజారులో సులభంగా దొరికే 5 వోల్టుల రిలే బోర్డులు చాలావరకు ఇన్‌పుట్ సున్నా అయినప్పుడు పనిచేసేవి. వాటికి 3.3 వోల్టుల ‘ఒకటి’ ఇచ్చినా 5 వోల్టుల వైపు నుండి ఇంకా 1.7 వోల్టుల తేడా మిగులుతుంది. కొన్ని బోర్డులలో రిలే పూర్తిగా వదలకపోవడానికి ఇదే కారణం. ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ విద్యార్థులు రోజులు వృథా చేసుకునే చోటు ఇది.

సౌర విద్యుత్తుతో నడిచే నర్సరీకి లాచింగ్ వాల్వులు సిఫారసు చేసేవారు ఉన్నారు. తెరవడానికి ఒక పల్సు, మూయడానికి వ్యతిరేక దిశలో ఒక పల్సు చాలు, మధ్యలో విద్యుత్తు ఖర్చు కాదు. కానీ వాల్వుకు రెండు అవుట్‌పుట్‌లు చొప్పున 24 అవసరమవుతాయి. దీపాలు, ఇన్‌పుట్‌లతో కలిపి 38 అయి మూడవ విస్తరణ చిప్పు కావాలి. పిన్నులు దొరుకుతాయి, అది సమస్య కాదు. విద్యుత్తు పోతే తెరచి ఉన్న లాచింగ్ వాల్వు తెరచే ఉంటుందన్నదే సమస్య. వాలు నీటి నర్సరీలో సాధారణ వాల్వుకే మొగ్గు చూపాలి. లాచింగ్ వాల్వు తప్పనిసరి అయితే బ్యాటరీ వోల్టేజి తగ్గుతున్నప్పుడే అన్నింటినీ మూసివేసే ఏర్పాటు ముందుగా చేసుకోవాలి. పైలట్ పద్ధతిలో పనిచేసే వాల్వులు కనీస నీటి పీడనం లేకపోతే తెరుచుకోవని కూడా గుర్తుంచుకోవాలి. పది మీటర్ల ఎత్తు తేడాకు వచ్చే పీడనం సుమారు ఒక బార్ మాత్రమే.

దూరం

ఐ2సీని ఒకే పలకపై ఉన్న చిప్పుల మధ్య వాడకానికి రూపొందించారు. బస్సు మొత్తం కెపాసిటెన్స్ 400 పికోఫారడ్లు దాటరాదు. సాధారణ కేబుల్‌తో అది కొద్ది మీటర్లకే నిండిపోతుంది. కాబట్టి విస్తరణ చిప్పులన్నీ బోర్డు పక్కనే ఒకే పెట్టెలో ఉండాలి. మడుల వైపు వెళ్ళేవి వాల్వు తీగలు, స్విచ్చు తీగలు మాత్రమే.

నర్సరీ రెండు మూడు మెట్లుగా విస్తరించి, యాభై మీటర్ల అవతల మడులు ఉన్నప్పుడు పద్ధతి మార్చాలి. ప్రతి మెట్టుకూ ఒక చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టి, వాటన్నింటినీ ఆర్‌ఎస్ 485 జత తీగలతో కలపాలి. ఈ ప్రమాణంలో తక్కువ వేగంలో 1200 మీటర్ల వరకు, ప్రాథమికంగా 32 పరికరాల వరకు ఒకే జతపై నడుస్తాయి. ఆర్డినో యూనో వంటి బోర్డులో 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ ఇన్‌పుట్‌లు ఉన్నాయి కనుక తేమ సెన్సార్లను అక్కడికక్కడే చదివి, మోడ్‌బస్ పద్ధతిలో సంఖ్యలుగా పంపవచ్చు. రాస్ప్‌బెర్రీ పై వైపు దీనికి పట్టేవి సీరియల్ పిన్నులు రెండు, దిశ మార్చే పిన్ను ఒకటి. పిన్నుల లెక్క 11 అవుతుంది. ఇలా చేసినప్పుడు ప్రతి మెట్టు వద్ద ఉన్న మైక్రోకంట్రోలర్‌కు కూడా కంప్యూటర్ నుండి నిర్ణీత వ్యవధిలో పిలుపు రాకపోతే తన వాల్వులను తానే మూసుకునే నియమం నేర్పాలి.

వేసవి చివరలో తూర్పు కనుమలలో పిడుగులతో కూడిన వానలు పడతాయి. పొడవాటి తీగ ప్రతిదీ ఆ సమయంలో ఏంటెనాగా మారుతుంది. మెట్ల మధ్య జత తీగలకు సర్జ్ రక్షణ, విద్యుత్ వేర్పాటు గల మాడ్యూళ్ళు వాడటం ఇక్కడ విలాసం కాదు. మంచు, తేమ ఎక్కువగా ఉండే నెలలలో పెట్టెలో సిలికా జెల్ సంచి ఉంచి, కేబుల్ ప్రవేశాలను అడుగు వైపు పెట్టి, బిగుతైన గ్లాండ్లతో మూయాలి.

ఎక్కువ పిన్నులు గల బోర్డు కొంటే సరిపోదా అన్న ప్రశ్నకు బీగల్‌బోన్ బ్లాక్ ఒక సమాధానం. దానిపై 46 పిన్నుల వరుసలు రెండు, అనలాగ్ ఇన్‌పుట్‌లు 7 ఉన్నాయి. ఆ ఇన్‌పుట్‌లు 1.8 వోల్టులు మించి తట్టుకోలేవు. పన్నెండు తేమ సెన్సార్లకు అక్కడ కూడా విస్తరణ తప్పదు.

ప్రోగ్రాం వైపు పని సులువే. రాస్ప్‌బెర్రీ పై కాన్ఫిగరేషన్ ఫైలులో ఎంసీపీ 23017 ఓవర్‌లేను చేరిస్తే లైనక్స్ కెర్నల్ ఆ 16 పిన్నులను మామూలు జీపీఐఓల మాదిరిగానే చూపుతుంది. రాస్ప్‌బెర్రీ పై 5లో పిన్నుల నిర్వహణ ఆర్‌పీ1 అనే వేరే చిప్పుకు మారినందున పాత ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీతో రాసిన ప్రోగ్రాంలు అందులో నడవవు. లిబ్‌జీపీఐఓడీ వంటి కెర్నల్ ఆధారిత లైబ్రరీతో రాస్తే బోర్డు మారినా ప్రోగ్రాం పెద్దగా మారదు.

వ్యవస్థను రైతు సంఘానికి అప్పగించే ముందు చేయవలసిన పరీక్షలు నాలుగు ఉన్నాయి. ఒక వాల్వు తెరచి ఉండగా మెయిన్ స్విచ్చు తీసి, పది సెకన్ల తర్వాత వేసి చూడాలి. వాల్వు తెరచి ఉండగా ప్రోగ్రాంను బలవంతంగా స్తంభింపజేసి, వాచ్‌డాగ్ కాలం గడిచేలోపు నీరు ఆగుతుందో లేదో గడియారం చూసి రాసుకోవాలి. ఐ2సీ డేటా తీగను ఊడదీసి, పంపును చేతి బటన్ లేకుండా కంప్యూటర్ ఆపగలుగుతున్నదో చూడాలి. ఫ్లోట్ స్విచ్చు తీగ తెగినప్పుడు ట్యాంకు ‘నిండి ఉంది’ అని కాక ‘ఖాళీ’ అని కనిపించేలా దాని కలయిక ఉన్నదో సరిచూడాలి. ఫలితాలను, పిన్నుల పట్టికను, ప్రతి వన్‌వైర్ సెన్సార్ సంఖ్యకు ఎదురుగా మడి సంఖ్యను ఒకే కాగితంపై తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి పెట్టె మూత లోపలివైపు అంటించాలి. తీగల రెండు చివరలా అదే సంఖ్యల చీటీలు ఉండాలి.